నీటిలో బంతియాట



ఈ సాయంకాలము మీతో నొక యాటను గూర్చి ముచ్చటింపదలచితిని. దాని పేరు వాటర్ పోలో. ఇరుపక్షములవారు నిలువులోతు నీటిలో ఈదుచు, ఒక బంతికై పెనగులాడి, దానిని ఎదిరిపక్షమువారి గోలులోనికి విసరెడి యాట యిది. "వ్యాకరణము చెప్పుకొని బ్రదికిన పంతులుగారికి నీళ్లలో బంతియాటతో నేమి పని?" అని మీలో గొందఱు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, తప్పులేదు. కాని నేను తణుకులో గోస్తనీతీరమున బెరిగినవాడను. ఓనమాలు దిద్దుటకు ముందే యీత నేర్చినవాడను. పిమ్మట గురువులకడ కావ్యములు చదివి, ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు దెలుగు చెప్పితిని. మహాకావ్యమునకు వలయునని లాక్షణికులు చెప్పిన పదునెనిమిది వర్ణనలలో జలక్రీడ యొకటి యని మీ రెఱుగుదురు. ఆ ఘట్టము వచ్చినపుడెల్ల ప్రతిపదార్థము చెప్పితిని, సమాసములు విడదీసితిని, అలంకారములు చూపితిని. కాని యెదుట గూర్చున్న పిల్లలలో నెందఱికి ఈత వచ్చునో యొక్కనాడును అడుగనైతిని. ఆ యడుగని ప్రశ్న నన్నేల బాధించుచున్నదో తుదను చెప్పెదను. ముందు ఆటను గూర్చి వినుడు.

ఈ యాట పుట్టినది బ్రిటను దేశమున, పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున. అక్కడి యీతసంఘములవారు పందెములు నడుపు దినములలో, చూడవచ్చిన జనులకు వినోదముగా నుండుటకై, నీటిలో బంతియాట నొకదానిని గల్పించిరి. తొలుత దానిని నీటి ఫుట్‌బాలు అని పిలిచెడివారు. 1877 ప్రాంతమున స్కాట్లండువాడగు విలియం విల్సన్ అనునతడు దానికి నియమములు గూర్చెను. ఆ తొలినాళ్ల యాట మిక్కిలి మొఱటుది. ఈదుటకంటె పట్టి ముంచుటయే యందు హెచ్చు. క్రమముగా నియమములు బిగిసి, బంతిని చేతినుండి చేతికి విసరి యందించుకొను నేటి రూపము ఏర్పడెను. పోలో అను మాట మాత్రము మన యుపఖండమునకు జెందినదే. కాశ్మీరమున కుత్తరమున నున్న బాల్టిస్థానపు భాషలో 'పులు' అనగా బంతి. గుఱ్ఱములమీద నాడెడు బంతియాటకు ఆ మాట పేరాయెను. అటనుండి నీటియాటకును సంక్రమించెను. ఇందు గుఱ్ఱమును లేదు, కఱ్ఱయును లేదు. పేరులకు రూఢియే బలము గదా!

1900 సంవత్సరమున పారిసు నగరములో జరిగిన ఒలింపిక్ క్రీడలలో ఈ యాటకు స్థానము లభించెను. స్త్రీలకు ఆ గౌరవము 2000 సంవత్సరమున సిడ్నీ నగరములో గాని దక్కలేదు. నూఱేండ్లు పట్టినది.

ఇక రంగమును గూర్చి చెప్పెదను. చిరకాలముగా పురుషుల యాటకు 30 మీటర్ల పొడవు, 20 మీటర్ల వెడల్పు గల నీటిపట్టును, స్త్రీల యాటకు 25 మీటర్ల పొడవు గలదానిని ఏర్పఱచెడివారు. ఈ కొలతలను, ఆటవేళలను గూర్చిన నియమములను ఇటీవల గొంతగొంత మార్చుచున్నారు. లోతు మాత్రము 1.80 మీటర్లకు తగ్గరాదు. అనగా సామాన్యుడు నిలిచిన తల మునుగును. ఇరుకొనలయందును గోలులు నీటిపై దేలుచుండును. ఒక్కొక్కటి 3 మీటర్ల వెడల్పు, నీటిమట్టమునకు పైన 90 సెంటీమీటర్ల యెత్తు. వెనుక వల కట్టబడియుండును. పురుషుల బంతి చుట్టుకొలత 70 సెంటీమీటర్లకు అటునిటు. బరువు 400 మొదలు 450 గ్రాముల వఱకు. తడిసిన చేతికి జాఱకుండునట్లు దాని పైతొడుగు గరుకుగా నుండును.

పక్షమునకు ఏడుగురు చొప్పున నీటిలో నుందురు. వారిలో నొకడు గోలు కాపరి. అలసినవారికి బదులు దిగుటకు మఱికొందఱు గట్టున గాచియుందురు. నీటిలో నున్నవానికి పైకి గనబడునది తలయే గావున, పక్షభేదము తెలియుటకు తలగుడ్డలవంటి టోపీలు గడ్డముక్రింద ముడివేసికొందురు. ఒక పక్షమువారికి తెలుపు, రెండవవారికి నీలము వంటి ముదురురంగు, కాపరు లిరువురకును ఎఱుపు. టోపీపై సంఖ్య యుండును. చెవులపై గట్టి డొప్పలుండును. వేగముగా వచ్చిన బంతి చెవికి దగిలిన కర్ణభేరికి ముప్పు గదా!

ఆట నాలుగు భాగములు. భాగమునకు ఎనిమిది నిమిషములు. కాని బంతి యాగినపుడెల్ల గడియారమును ఆపుదురు. కావున మొత్తము గంటసేపు పట్టును. ప్రతిభాగమునకు మొదట ఇరుపక్షములును తమతమ గోలుల వరుసలో నిలుతురు. మధ్యస్థుడు ఈల యూది బంతిని రంగమధ్యమున విడుచును. ఇరువైపులనుండి యొక్కొక్క మేటి యీతగాడు బాణమువలె దూసికొనివచ్చును. ముందు చేరినవాని పక్షమునకు బంతి దక్కును. దక్కిన పక్షమువారు నియమించిన స్వల్పకాలము లోపుగా గోలువైపునకు విసరితీరవలెను. లేనిచో బంతి యెదుటివారి కిచ్చెదరు. చేతజిక్కినది గదా యని దాచుకొని కూర్చుండుటకు వీలులేదు.

ఈ యాటకు ప్రాణమువంటి నియమములు రెండు. మొదటిది: నేలను కాలితో తాకి యాడరాదు. రెండవది: కాపరి తప్ప మఱెవ్వడును బంతిని రెండుచేతులతో ముట్టరాదు. ఈ రెండింటిని గలిపి యోచింపుడు. నిలుచుటకు నేలలేదు; పట్టుటకు ఒక్కటే చేయి; ప్రత్యర్థి మీదబడుచుండును; అట్టి తఱిని నడుమువఱకు నీటిపైకి లేచి గుఱిచూచి విసరవలెను. ఈ బలమంతయు నెక్కడనుండి వచ్చును? తొడలనుండి వచ్చును. మన పల్లెలలో నిలువీత యనుచుందుము గదా, దానినే వారు శాస్త్రముగా నభ్యసించిరి. కూర్చున్నవానివలె తొడలు ముందునకు చాచి, మోకాళ్లు వంచి, రెండుకాళ్లను ఒకదాని తరువాత నొకటిగా లోపలివైపునకు గుండ్రముగా ద్రిప్పుచుందురు. ఇంగ్లీషువారు దీనికి గ్రుడ్లు గిలకొట్టు పనిముట్టు పేరు పెట్టిరి. మనము కవ్వమును దలచుకొన్న జాలును. ఒక కాలు ఆగకమునుపే రెండవది త్రిప్పును గావున శరీరము క్రిందికి జాఱదు. చేతులు రెండును విడిగా నుండును. గట్టుననుండి చూచువారికి తలయు భుజములును నిశ్చలముగా గనబడును. క్రింద కాళ్లు క్షణమైన విశ్రమింపవు.

గజేంద్రుని కథను దలచుకొనుడు. గట్టున గొండలను గ్రుమ్మగల యేనుగు మడుగులో మొసలికి జిక్కి విలవిలలాడెను. స్థానబలము అట్టిది. నేలమీద పదిమందిని బడద్రోయు మల్లుడైనను, నేల లేనిచోట ముందు తన్ను తాను నిలుపుకొనవలెను. ఆ పిమ్మటనే పెనగులాట.

బంతిని గొనిపోవు విధము వినుడు. తల పైకెత్తి బారలు వేయుచు, బంతిని రెండుచేతుల నడుమ ఱొమ్మున కెదురుగా నుంచుకొందురు. చేతితో బట్టరు. ఈతగాని ఱొమ్మునకు ముందు లేచు చిన్న కెరటమే దానిని నెట్టుచుండును. తోటివాని కందించుటలో రెండు విధములు. గాలిలో విసరి చేతికే చేర్చుట యొకటి. ప్రత్యర్థి కందక తనవానికి మాత్రమే యందునట్లు నీటిపై వేయుట రెండవది. గోలును ముట్టడించువారు గుఱ్ఱపు లాడము ఆకృతిలో బారులుదీర్చి బంతిని ద్రిప్పుచుందురు. వారిలో బలశాలి యొకడు సరిగా గోలునకు ముందు వీపుపెట్టి నిలుచును. అతని వెనుక ప్రత్యర్థి యొకడు అంటిపెట్టుకొనియుండును. ఆ యిరువురి పెనగులాట చెడుగుడు కూతకాని పట్టును జ్ఞప్తికి దెచ్చును.

పెనగులాటకును హద్దు గలదు. ఈ యాటలోని ధర్మమంతయు నిందే యున్నదని నా యభిప్రాయము. బంతిని చేతబట్టినవానిని ఎదుటివాడు పట్టవచ్చును, లాగవచ్చును, ముంచనువచ్చును. వాడు బంతిని విడిచెనా, ఇక వానిని పట్టరాదు. బంతి లేనివానిని ముంచుట, వెనుకకు లాగుట, తన్నుట పెద్దతప్పులు. అట్టి తప్పు చేసినవానిని ఇరువది సెకండుల కించుమించుగా వెలుపలికి బంపుదురు. అంతసేపు వాని పక్షము ఒకడు తక్కువగా పోరాడవలెను. పెద్దతప్పులు మూడైనచో వాడు ఆ యాటలో మరల దిగరాదు. గోలు తప్పక కాదగిన సమయమున అడ్డు తప్పుచేసిన, 5 మీటర్ల దూరమునుండి కాపరి యొక్కని కెదురుగా బంతి విసరు నవకాశము ఎదుటివారి కిత్తురు. రెండుచేతులతో బట్టుట, ఎదుటివాడు పైబడినపుడు బంతిని నీటిక్రింద దాచుట మొదలగునవి చిన్నతప్పులు. వానికి శిక్షగా బంతి చేయిమాఱును. ఇద్దఱు మధ్యస్థులు ఈలలతో చెఱియొక గట్టున నడచుచు చూచుచుందురు. కాని నీటిక్రింద జరుగుదాని నెల్ల ఎవ్వరు చూడగలరు? అందుచేత ఆటగాని మనస్సాక్షియే మూడవ మధ్యస్థుడు.

ఆ సాక్షి నిద్రించిన నేమగునో 1956 డిసెంబరు 6వ తేదీన మెల్‌బోర్ను ఒలింపిక్ క్రీడలలో లోకమునకు దెలిసెను. ఆ యేడు హంగెరీ ప్రజల తిరుగుబాటును సోవియట్ సేనలు అణచియుండెను. కొలది వారములకే ఆ రెండు దేశముల జట్లును నీటిలో నెదుర్పడెను. గ్రుద్దులాటలు చెలరేగెను. హంగెరీ 4 గోలులతో ముందుండి, ఎదుటివారికి ఒక్కటియు లేని సమయమున, ఎర్విన్ జాడోర్ అను హంగెరీ యువకుని కన్నుక్రింద దెబ్బతగిలి నెత్తురు కారెను. చూచుచున్న జనులు ఉద్రిక్తులైరి, ఆటను ఆపివేసిరి. హంగెరీవారికే జయమిచ్చిరి. వారే ఆ యేటి బంగారుపతకమును గెలిచిరి. ఆ చిన్నదేశము ఈ యాటలో పురుషుల ఒలింపిక్ బంగారుపతకములను తొమ్మిదింటిని గెలిచినది. మఱే దేశమును అన్ని గెలువలేదు.

మనదేశమున నీ యాటకు పుట్టినిల్లనదగినది కలకత్తా. 1948లో లండను ఒలింపిక్ క్రీడలకు స్వతంత్రభారతము వాటర్ పోలో జట్టును బంపెను. 1952లో హెల్సింకి నగరమునకును బంపెను. 1951లో ఢిల్లీ నగరమున మొదటి యాసియా క్రీడలు జరిగినపుడు మనవారు ఈ యాటలో బంగారుపతకమును గెలిచిరి. ఆ క్రీడలలోనే సచిన్ నాగ్ అను వంగీయుడు నూఱు మీటర్ల యీతలో ప్రథముడై బంగారుపతకము పొందెను. అతడు 1948 నాటి వాటర్ పోలో జట్టులో నాడినవాడే. 1970లో బ్యాంకాకునందు రజతము, 1982లో మరల ఢిల్లీయందు కాంస్యము మనకు దక్కెను. నేడు సైనికుల జట్టు, రైల్వే జట్టు, బెంగాలు, కేరళము ఈ యాటలో పేరు గాంచినవి. కేరళము నీటిసీమ, అక్కడి యాడుపిల్లలు సైతము ఈ యాటలో ఆఱితేరిరి.

అయ్యా, మన సీమ మాత్రము నీటిసీమ కాదా? 1852లో ధవళేశ్వరపు ఆనకట్ట పూర్తియైన పిమ్మట గోదావరి పడమటి డెల్టాలో కాలువలేని యూరు అరుదు. తణుకునుండి తాడేపల్లిగూడెము, ఏలూరు దిక్కులకు ఎటు బోయినను కాలువగట్టు తోడువచ్చును. ఆవల కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు మోసికొనివచ్చిన నీటినంతయు దనలో నిలిపికొని, ఉప్పుటేటిద్వారా సముద్రమునకు బంపు మహాసరస్సు. మా చిన్ననాట కొల్లేటి లంకల పిల్లలు నడక వచ్చిన వెనువెంటనే దోనె నెక్కెడివారు. మా యూర పిల్లలకు నడుమునకు ములగ బెండ్లు గట్టి మేనమామలు నీట దింపెడివారు. కుక్కీత, బారీత, వెల్లకిలయీత, నిలువీత యని వరుసగా నేర్చెడివారము. తాటిముంజెల బుఱ్ఱను విసరుకొని నీటిలో మేము ఆడిన యాటకు పేరులేదు, నియమములు లేవు. తలచుకొన్న, అదియు వాటర్ పోలోయే.

నేటి స్థితి మీకు నేను చెప్పనక్కఱలేదు. ఇంటింటికి కుళాయి వచ్చెను. కాలువకు బోవు పని తప్పెను. నీరు చెడెను. తల్లిదండ్రులు భయపడి "నీటిదరికి బోకు" మని శాసించిరి. పిల్లవాడు నీటికి దూరమయ్యెను గాని, నీరు పిల్లవానికి దూరము కాలేదు. కాలువ వీధిచివరనే యున్నది. చేపలచెఱువుల గట్లు నిటారుగా దిగియున్నవి; కాలుజాఱిన పిల్లవానికి పట్టు దొరకదు. 2021లో ప్రపంచమున సుమారు 3,00,000 మంది నీటమునిగి మరణించిరని ప్రపంచ ఆరోగ్యసంస్థ లెక్కగట్టెను. వారిలో నూటికి నలువదిమందికి పైగా పదునైదేండ్లలోపు పిల్లలట.

ఇపుడు నా ప్రశ్నకు వచ్చెదను. నా తరగతిలో నొక బాలు డుండెను. పండ్రెండేండ్లవాడు. గజేంద్రమోక్షఘట్టమును తడబడక యప్పగించువాడు, కంఠము మంచిది. ఒక వేసవి సెలవులలో కాళ్లు కడుగుకొనుటకు కాలువకు దిగి జాఱెను. గట్టుననున్న వేరు నాలుగు బారల దూరమున నుండెనని చూచినవారు చెప్పిరి. బడి తెఱచిననాడు నేను ఎఱుగక హాజరుపట్టీలో వాని పేరు పిలిచితిని. ఎవ్వరును బలుకలేదు. నాకు ఈత వచ్చును. వానికి మొసలి నోటబడిన యేనుగు మొఱ నేర్పితిని. నాలుగు బారలు నేర్పనైతిని. ఆ పట్టీలోని పేరు నేటికిని నా కన్నులయెదుటనే యున్నది.

అందుచేత మిమ్ము వేడుకొనుచున్నాను. ఈత నేర్చుకొమ్మన్న నేటి పిల్లలు వినకపోవచ్చును. ఆట యన్న పరుగెత్తివత్తురు. ఊరిలో నొక చెఱువును బాగుచేయుడు. పాఱుచున్న కాలువ వలదు, నిలుకడనీరే కావలెను. ముందుగా ఈతగాండ్రు దిగి అడుగున గాజుపెంకులు, మొద్దులు, గోతులు లేకుండ చూడవలెను. మొదట ఱొమ్ములోతు మించని తావున, బెండ్లతో ఈత. పిదప నిలువీత: చేతులాడించుచు నొక నిమిషము నిలువగలిగిన మేలు, చేతులు పైకెత్తి యొక నిమిషము నిలువగలిగిననాడు బంతి నిండు. ఇరువైపుల రెండేసి వెదుళ్లు పాతి, నడుమ త్రాడుగట్టిన గోలు సిద్ధము. లోతు నియమము పెద్దలకు. నేర్చుకొను పిల్లలు నేల తాకినను దోషములేదు. పక్షమునకు నలుగురైనను జాలును. మంచి యీతగాం డ్రిద్దఱు పొడవైన వెదురును త్రాటిని చేతబట్టుకొని యెల్లప్పుడు గట్టున నుండవలెను. వారు లేనినాడు ఆటయును లేదు. ఆడుపిల్లలను ఇంటనుంచి మగపిల్లలనే పంపుట తగదు. కాలువ యిద్దఱికిని ఒకటే.

కొల్లేటి తీరమునుండి ఒలింపిక్ జట్టు బయలుదేరునని నేను జోస్యము చెప్పజాలను. బయలుదేరిన సంతోషమే. ఒక నిమిషము నిలువీత నిలువగల పిల్లవాడు, గట్టుననున్నవారు వెదురు చాచువఱకు నీటిపై దలనుంచగలడు. నాకు ఆ నిమిషము చాలును.

ఈ ప్రసంగము ముగిసిన పిదప మీ మనుమలను, మనుమరాండ్రను దగ్గఱకు బిలిచి, "అమ్మా, నాయనా, నీకు ఈత వచ్చునా?" అని యడుగుడు. నేనడుగని ప్రశ్నను మీరడుగుడు.

సెలవు.